చిన్నారుల ఇల్లు తెరచిన తల్లి - మరియా మాంటిస్సోరి

జూన్ నెల రాగానే మన ఊళ్ళలో ప్రతి ఏటా కనిపించే దృశ్యమే. ఇంకా మూడేళ్ళు నిండని బిడ్డకు తల నున్నగా దువ్వి, కొత్త బట్టలు తొడిగి, వీపుకు సంచి తగిలించి, తల్లి బడి గుమ్మం దాకా చంకన ఎత్తుకుని వస్తుంది. బిడ్డ తల్లి మెడను వదలదు. ఆయమ్మ వచ్చి చేతులు విడదీసి లోపలికి తీసుకుపోతుంది. తలుపు మూసుకుంటుంది. తల్లి కాసేపు బయటే నిలబడి, ఏడుపు తగ్గిందనిపించాక కళ్ళు తుడుచుకుని ఇంటికి వెళుతుంది.

ఆ తలుపు వెనుక ఆ పసిప్రాణికి రోజంతా ఎలా గడుస్తుంది? చేతులకు ఏం పని దొరుకుతుంది? ఎవరు ఎలా పలకరిస్తారు? ఫీజు ఎంత, ఇంగ్లీషు ఎప్పుడు వస్తుంది అని అడిగే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఈ ప్రశ్నలు అడిగేవారు తక్కువ. వీటి కోసమే జీవితంలో సగానికి పైగా వెచ్చించిన ఒక కతోలిక స్త్రీ కథ ఈ వారం చెప్పుకుందాము. ఆమె పేరు మనకు కొత్త కాదు. మన పట్టణాలలో ఎన్నో బడుల బోర్డుల మీద ఆ పేరు కనిపిస్తుంది. ఆ పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు కనుక బోర్డు చూసి లోపల జరిగేది తెలుసుకోలేము. ఆమె ఎవరో, ఏం చేశారో తెలిస్తే లోపల ఏం వెదకాలో మనకే తెలుస్తుంది.

వైద్యురాలు

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీ దేశంలో, అంకోనా నగరానికి దగ్గరలోని కియారవల్లె అనే ఊరిలో జన్మించారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ ఉద్యోగి. తల్లి రెనిల్డె చదువుకున్న స్త్రీ, భక్తిగల ఇల్లాలు. వారికి ఈమె ఒక్కతే సంతానం. చిన్నతనంలోనే కుటుంబం రోముకు మారింది. ఆ రోజులలో చదువుకున్న ఆడపిల్లకు ఉపాధ్యాయురాలి ఉద్యోగమే ఉన్నతం. ఈ అమ్మాయి అది వద్దని పట్టుపట్టింది. మొదట ఇంజనీరు కావాలని సాంకేతిక పాఠశాలలో చేరింది, తరువాత మనసు మార్చుకుని వైద్యం చదువుతానన్నది. తండ్రికి నచ్చలేదు. తల్లి వెన్నంటి నిలిచింది.

రోము విశ్వవిద్యాలయంలో మగపిల్లల మధ్య ఆమె చదువు సులువుగా సాగలేదు. మగవిద్యార్థులతో కలిసి శవపరీక్ష చేయడం స్త్రీకి తగదని, ఆ పని ఆమె ఒక్కతే సాయంకాలాలలో, అందరూ వెళ్ళిపోయిన తరువాత చేసుకోవలసి వచ్చింది. 1896లో పట్టా చేతికి వచ్చింది. ఇటలీలో వైద్యపట్టా పొందిన తొలితరం స్త్రీలలో ఆమె ఒకరు.

యువ వైద్యురాలిగా ఆమె రోములోని మానసిక చికిత్సాలయంలో పనిచేశారు. బుద్ధిమాంద్యం గల పిల్లలను ఆ కాలంలో పెద్దల పిచ్చాసుపత్రిలోనే ఉంచేవారు. ఒక గదిలో అలాంటి పిల్లలను చూసుకునే స్త్రీ వారిని అసహ్యించుకుంటూ మాట్లాడింది. అన్నం తిన్న తరువాత కూడా నేల మీద పడిన రొట్టె ముక్కల కోసం పాకుతారని ఆమె ఫిర్యాదు. మాంటిస్సోరి ఆ గదిని చుట్టూ పరికించారు. గోడలు, నేల తప్ప అక్కడ మరే వస్తువూ లేదు. ముట్టుకోవడానికి, పట్టుకోవడానికి పిల్లలకు ఆ రొట్టె ముక్కలు తప్ప ఏమీ లేవు. వారి ఆకలి కడుపుది కాదు, చేతులదని ఆమెకు తోచింది. ఆమె తరువాతి ఆలోచనలకు ఇది నాంది అనవచ్చు.

ఇటార్డ్, సెగ్వాఁ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు అంతకు ముందే ఇటువంటి పిల్లల కోసం రాసిన గ్రంథాలను ఆమె తెప్పించుకుని చదివారు. 1900లో రోములో ఆరంభమైన ప్రత్యేక శిక్షణాలయానికి ఒక డైరెక్టరుగా, పగలంతా పిల్లలతో గడిపి, రాత్రి తాను చూసినది రాసుకునేవారు. ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్లలలో కొందరు చదవడం, రాయడం నేర్చుకుని మామూలు పిల్లలు రాసే పరీక్షలో నెగ్గారు. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం మరో దిగులు పట్టుకుంది. లోపం ఉన్న పిల్లలే ఇంత సాధిస్తే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలను మన బడులు ఎంత కిందకు అణచి ఉంచుతున్నాయో కదా అని.

తనకు దక్కని పసితనం

ఈ కాలంలోనే ఆమె జీవితంలో ఒక గాయం ఏర్పడింది. దానిని దాచి ఆమె కథ చెబితే సగమే చెప్పినట్లు. తోటి వైద్యుడు జుసెప్పె మోంటెసానోతో ఆమెకు స్నేహం కలిగింది. 1898 మార్చి 31న వారికి ఒక మగబిడ్డ పుట్టాడు. పెళ్ళి జరగలేదు. పరువు పోతుందని, ఉద్యోగం పోతుందని భయపడి, బిడ్డ సంగతి లోకానికి తెలియకుండా ఉంచారు. మారియో అని పేరు పెట్టిన ఆ పసివాడిని రోముకు దూరంగా పల్లెలో ఒక కుటుంబానికి పెంపకానికి ఇచ్చారు. మోంటెసానో 1901లో మరొక స్త్రీని వివాహం చేసుకున్నాడు. ఆమె ఆ శిక్షణాలయం వదిలి, మళ్ళీ విద్యార్థినిగా తత్త్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చదవడానికి విశ్వవిద్యాలయానికి వెళ్ళారు.

తల్లి అప్పుడప్పుడు పల్లెకు వెళ్ళి బిడ్డను చూసి వచ్చేది. తాను ఎవరో చెప్పేది కాదు. బిడ్డ తొలి అడుగు, తొలి మాట, తొలి ముద్ద వేరే ఇంట జరిగిపోయాయి. ఎవరు ఎంతవరకు దోషులో తీర్పు చెప్పడం మన పని కాదు. తీర్పరి వేరే ఉన్నాడు. లోకంలోని పసిపిల్లలందరినీ అంత శ్రద్ధగా గమనించిన ఆ కళ్ళు తన సొంత బిడ్డ పసితనాన్ని మాత్రం చూడలేకపోయాయని తెలుసుకుంటే చాలు. ఆమె తల్లి రెనిల్డె 1912 చివరలో మరణించారు. ఆ తరువాత, పదిహేనేళ్ళ వయసులో, మారియో తల్లి వద్దకు వచ్చాడు. అప్పటి నుంచి ఆమె చివరి శ్వాస దాకా ఆమెను విడిచిపెట్టలేదు. అయినా చాలా ఏళ్ళపాటు ఆయనను మేనల్లుడుగానో, పెంపుడు కుమారుడుగానో లోకానికి పరిచయం చేయవలసి వచ్చింది.

ముగ్గురు రాజుల పండుగనాడు

రోములో సాన్ లొరెంజో అనే పేట ఉంది. ఇళ్ళ వ్యాపారం దివాలా తీసి, సగం కట్టి వదిలేసిన భవనాలలో నిరుపేదలు తలదాచుకున్న చోటు అది. ఒక భవన నిర్మాణ సంస్థ వాటిని బాగుచేయించి, కూలి కుటుంబాలకు అద్దెకు ఇచ్చింది. తల్లీ తండ్రీ పనికి వెళ్ళిపోతే బడి వయసు రాని పిల్లలు మెట్ల మీద, వరండాలలో తిరుగుతూ కొత్త గోడలను పాడుచేసేవారు. మరమ్మతులకు పెట్టే డబ్బుతో ఆ పిల్లలందరినీ ఒక గదిలో ఉంచి చూసుకుంటే మేలని సంస్థ అధిపతి ఎడోఆర్డో టలామో ఆలోచించి మాంటిస్సోరిని పిలిచారు. గోడలను కాపాడడానికి పుట్టిన ఆలోచన అది. దేవుడు మన చిన్న చిన్న లెక్కలను కూడా తన పనికి వాడుకుంటాడు కదా!

1907 జనవరి 6న, క్రీస్తు సాక్షాత్కార పండుగ రోజున, మార్సీ వీధిలోని 58వ నంబరు భవనంలో మొదటి 'చిన్నారుల ఇల్లు' తెరచుకుంది. దాదాపు యాభై మంది పిల్లలు. వయసు రెండు మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ వరకు. ఏడ్చే కళ్ళు, బెదిరిన ముఖాలు. ఆ పండుగ దివ్యబలిపూజలో చదివే యెషయా ప్రవక్త పఠనం, చీకటి మీద ఉదయించే వెలుగును గూర్చినది, మాంటిస్సోరి మనసులో మెదిలింది. ఈ పేద పిల్లల నుంచి ఏదో వెలుగు వస్తుందని ఆమె ఆనాడే అక్కడ చేరినవారితో అన్నారు. విన్నవారికి అది పెద్ద మాటగా తోచి ఉంటుంది.

అక్కడ దినచర్య

1909లో ప్రచురించిన తన గ్రంథంలో ఆమె చిన్నారుల ఇంటి నియమాలను, చలికాలపు దినచర్యను వివరంగా రాశారు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఇల్లు తెరచి ఉంటుంది. పిల్లలు రాగానే నమస్కారం చెబుతారు. చేతులు, గోళ్ళు, మెడ, చెవులు, పళ్ళు శుభ్రంగా ఉన్నాయో లేదో చూస్తారు. లేకపోతే తిట్టరు. కడుక్కోవడం నేర్పుతారు. ఇందుకోసం నేలకు దగ్గరగా, పసివాడికి అందేటట్లు కుండీలు, సబ్బు, బ్రష్షు, తువ్వాలు ఉంటాయి. తరువాత ఒకరికొకరు ముందర కట్టుకునే గుడ్డలు కట్టుకుంటారు. గదిలో దుమ్ము ఉందేమో, వస్తువులు చోటు తప్పాయేమో తామే చూసి సరిచేస్తారు. ఆ తరువాత కూర్చుని నిన్న ఏం జరిగిందో చెప్పుకుంటారు, ప్రార్థన చేస్తారు.

పది నుంచి పదకొండు దాకా బుద్ధికి సంబంధించిన పనులు. తరువాత శరీరానికి వ్యాయామం. పదకొండున్నరకు చిన్న ప్రార్థన, భోజనం. ఆపైన ఆటలు, వీలైతే ఆరుబయట. తరువాత మట్టితో బొమ్మలు చేయడం, పాటలు, చివరకు మొక్కలకు నీళ్ళు పోయడం, పెంపుడు జంతువులను చూసుకోవడం. పిల్లల ఎత్తు, బరువు క్రమం తప్పకుండా చూసి రాసిపెట్టేవారు. నేర్పే స్త్రీ అదే భవనంలో కాపురముండేది. పిల్లలను వేళకు, శుభ్రంగా పంపడం, నేర్పే ఆమెను గౌరవించడం తల్లిదండ్రుల విధి. వారానికి ఒకసారైనా తల్లి వచ్చి బిడ్డ సంగతులు మాట్లాడాలి. ఫీజు లేదు కాని ఈ బాధ్యత తప్పనిసరి.

మొదట అందరూ నవ్విన సంగతి ఒకటుంది. భోజనం వేళ నాలుగైదేళ్ళ పిల్లలే బల్లల మీద గుడ్డ పరచి, పింగాణీ పళ్ళేలు, గాజు గ్లాసులు సర్ది, వేడి సూపు గిన్నె మోసుకొచ్చి వడ్డించేవారు. పగిలిపోతే ఎలాగని చూసేవారికి భయం. పగిలేది కనుకనే జాగ్రత్త నేర్చుకుంటారని ఆమె సమాధానం. రేకు పళ్ళెం ఎన్నిసార్లు జారవిడిచినా బిడ్డకు తన తప్పు తెలియదు. కుర్చీలు, బల్లలు కూడా తేలికగా, పిల్లలే మోసుకెళ్ళగలిగేటట్లు చేయించారు. ఆ రోజులలో బడి బెంచీలను నేలకు బిగించి, పిల్లలను వాటిలో ఇరికించేవారు.

గోడ మీద ఆమె ఏరికోరి పెట్టించిన చిత్రం ఒకటి ఉంది. రఫాయేలు చిత్రించిన, కుర్చీలో కూర్చున్న మరియమాత. ఆమె ఒడిలో బాలయేసు, పక్కన బాల యోహాను. పిల్లలకు దాని అర్థమంతా తెలియకపోయినా ఒక తల్లి, ఇద్దరు బిడ్డలు తెలుస్తారని ఆమె భావం.

పిల్లలు నేర్పిన పాఠాలు

పసివారి చేతులకు ఇవ్వడానికి ఆమె కొన్ని వస్తువులు చేయించారు. పది చెక్క దిమ్మెలు, అతి పెద్దది పది సెంటీమీటర్లు, అతి చిన్నది ఒక సెంటీమీటరు. పెద్దదాని మీద చిన్నదాన్ని పేర్చుకుంటూ పోతే గోపురం అవుతుంది. చెక్క పలకలో పది గుంటలు, వాటిలో దిగే పది గుండ్రని దిమ్మెలు. ఒకటి తప్పు గుంటలో పెడితే చివరకు ఒకటి మిగిలిపోతుంది. తప్పు చెప్పడానికి టీచరు అక్కరలేదు, వస్తువే చెబుతుంది. గుండీలు పెట్టడం, తాళ్ళు ముడివేయడం నేర్చుకోవడానికి బట్ట కట్టిన చట్రాలు. వడ్రంగులు వాడే గరుకు కాగితంతో కత్తిరించి అట్టకు అంటించిన అక్షరాలు, వేలితో తడిమి ఆకారం తెలుసుకోవడానికి. ఇంద్రియాల వాకిలి దాటి రానిది ఏదీ బుద్ధిలోకి చేరదని మన సెమినరీలలో తత్త్వశాస్త్రం చదివేవారికి మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. ఆ పాత సూత్రాన్ని ఆమె మూడేళ్ళ బిడ్డ అరచేతిలో పెట్టి చూపించారు.

ఒకనాడు మూడేళ్ళ పాప ఆ గుండ్రని దిమ్మెలను గుంటలలో పెడుతూ, తీస్తూ ఉంది. మాంటిస్సోరి లెక్కపెట్టసాగారు. చుట్టూ ఉన్న పిల్లలను పాటలు పాడమన్నారు. పాప తల ఎత్తలేదు. కూర్చున్న కుర్చీతో సహా పాపను ఎత్తి బల్ల మీద పెట్టారు. దిమ్మెలను ఒడిలోకి లాక్కుని మళ్ళీ మొదలుపెట్టింది. నలభైకి పైగా సార్లు చేసి, మంచి నిద్ర నుంచి లేచినట్లు చిరునవ్వుతో చుట్టూ చూసింది. పసిపిల్లల మనసు క్షణం కూడా నిలవదని అందరూ చెప్పే మాట నిజం కాదని ఆమెకు ఆనాడు తెలిసింది. తగిన పని దొరికితే నిలుస్తుంది. మనమే మధ్యలో పిలిచి చెదరగొడతాము.

మరొకనాడు పిల్లలు నీళ్ళ తొట్టిలో తేలే బొమ్మల చుట్టూ మూగారు. రెండున్నరేళ్ళ బుడుతడు వెనుక ఉండిపోయాడు. దారి చేసుకుని వెళ్ళాలని చూశాడు, బలం చాలలేదు. నిలబడి ఆలోచించాడు. ఒక చిన్న కుర్చీ కనబడింది. దానిని తెచ్చుకుని ఎక్కి చూద్దామని ముఖం వెలిగిపోతూ అటు నడిచాడు. అంతలో టీచరు జాలిపడి గభాలున వాడిని ఎత్తుకుని తొట్టి చూపించింది. వాడు బొమ్మలను చూశాడు. కాని ఆ ముఖంలోని వెలుగు ఆరిపోయింది. తన బుద్ధితో తాను గెలవబోయే చిన్న విజయాన్ని ఎవరో ప్రేమతోనే లాగేసుకున్నారు. ఈ సంఘటనను మాంటిస్సోరి మరచిపోలేదు, గ్రంథంలో రాసిపెట్టారు. మన ఇళ్ళలో అమ్మమ్మలు, నాయనమ్మలు, తల్లులు రోజుకు పదిసార్లు చేసే పని ఇదే కదా!

ముక్కు చీదడం గురించి ఆమె ఒకసారి పాఠం చెప్పారు. చేతిరుమాలు ఎలా మడిచి, చప్పుడు లేకుండా, ఎవరికీ కనబడకుండా ముక్కు ఎలా తుడుచుకోవాలో చేసి చూపించారు. పిల్లలు నవ్వుతారేమో అనుకున్నారు. వారు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఆమె ఆశ్చర్యపోయి తరువాత గ్రహించారు. ముక్కు కారుతోందని పిల్లలను అందరి ముందు తిట్టడమే తప్ప, ఎలా తుడుచుకోవాలో మర్యాదగా నేర్పినవారు అంతవరకు లేరు. పేద పిల్లలకు కూడా పరువు ఉంటుంది. అది దక్కినందుకు ఆ చప్పట్లు.

అన్నిటికన్నా అందమైనది నాలుగు నెలల పసికందు కథ. ఒకరోజు మాంటిస్సోరి భవనం ముంగిలిలో ఒక తల్లి చేతిలోని బిడ్డను తీసుకుని పిల్లల గదిలోకి వచ్చారు. ఆ పసికందు కదలకుండా, చప్పుడు లేకుండా పడుకుని ఉంది. ఇంత నెమ్మదిగా మీలో ఎవరూ ఉండలేరని ఆమె సరదాగా అన్నారు. పిల్లలందరూ కాళ్ళు దగ్గరకు చేర్చుకుని కదలకుండా కూర్చున్నారు. ఊపిరి కూడా బిడ్డ ఊపిరి అంత మెల్లగా తీయాలని చూశారు. గదిలో గడియారం టిక్కుటిక్కు వినిపించింది. అప్పటి నుంచి మౌనపాఠం చిన్నారుల ఇంట్లో ఒక భాగమైంది. బెత్తం తెచ్చే మౌనం వేరు, పిల్లలు తామే కోరి తెచ్చుకున్న ఈ మౌనం వేరు.

బహుమానంగా ఇచ్చే మిఠాయిలను, పతకాలను పిల్లలు పట్టించుకోకపోవడం చూసి ఆమె వాటిని మానేశారు. తాళం వేసిన బీరువా ఒకరోజు తెరచి ఉండిపోతే పిల్లలు తమకు కావలసిన వస్తువు తామే తీసుకుని, పని ముగించి తిరిగి పెట్టారు. ఆపైన బీరువాలు పోయి, చేతికందే ఎత్తులో అరలు వచ్చాయి. ఆ ఏడాది ముగిసేలోపే నాలుగైదేళ్ళ పిల్లలు ఎవరూ బలవంతం చేయకుండా సుద్దముక్కతో నేల మీద మాటలు రాయసాగారు. ఆ పిల్లల తల్లిదండ్రులలో చాలామందికి చదువు రాదు.

శ్రీసభ ఒడిలో

ఈ వార్త ఎంతో త్వరగా వ్యాపించింది. 1908 డిసెంబరులో మెస్సీనా భూకంపంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలను రోములో ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ కన్యస్త్రీలు చేరదీశారు. తిండి సహించక, నిద్రపట్టక, మాట్లాడక ఉన్న ఆ అనాథల కోసం మఠంలోనే చిన్నారుల ఇల్లు ఏర్పడింది. కొద్ది నెలలలో వారు మళ్ళీ నవ్వడం, పరుగెత్తడం నేర్చుకున్నారు. ఈ కన్యస్త్రీల సభ 1877లో మన దక్షిణ భారతదేశంలోని ఊటీలో పుట్టినదని మన పాఠకులలో కొందరికి తెలిసే ఉంటుంది.

బార్సెలోనాలో పిల్లల ఎత్తుకు తగిన దేవాలయం ఒకటి ఏర్పాటు చేశారు. చిన్న కుర్చీలు, చేతికందే తీర్థపు తొట్టి. పిల్లలు తామే గోధుమ విత్తి, ద్రాక్ష పెంచి, కోత కోసి, దివ్యబలిపూజకు అప్పము, రసము ఎక్కడి నుంచి వస్తాయో చేతులతో తెలుసుకున్నారు. పదిహేనవ బెనెడిక్టు పోపుగారు ఆమెను దర్శనానికి రప్పించి ఆమె పనిని ఆశీర్వదించారు. అయితే పిల్లలకు ఇంత స్వేచ్ఛ ఇస్తే జన్మపాపపు సంగతి ఏమవుతుందని అనుమానించిన కతోలిక పెద్దలు కూడా లేకపోలేదు. ఆమె వాదులాడలేదు. స్వేచ్ఛ అంటే తోచినది చేయడం కాదని, మంచి పనిని తానే ఎన్నుకోగలగడమని చెబుతూ వచ్చారు.

ఆమె చేసినదంతా ఒప్పేనని అనలేము. 1924 నుంచి ముస్సోలినీ ప్రభుత్వం ఇచ్చిన సహాయాన్ని కొన్నేళ్ళు స్వీకరించారు. పిల్లలను చిన్న సైనికులుగా మార్చాలనే ఆ పాలనతో పొసగక 1934లో దేశం వదిలారు. అక్కడి ఆమె బడులు మూతపడ్డాయి. స్పెయినులో స్థిరపడితే 1936లో అంతర్యుద్ధం తరిమింది. హాలెండు దేశం ఆశ్రయమిచ్చింది.

మద్రాసుకు

1939లో, అరవై తొమ్మిదేళ్ళ వయసులో, ఆమె మారియోతో కలిసి మద్రాసుకు వచ్చారు. దివ్యజ్ఞాన సమాజం వారు అడయారులో ఆతిథ్యమిచ్చారు. ఆమె మాత్రం తన కతోలిక విశ్వాసంలోనే ఉన్నారు. దేశం నలుమూలల నుంచి సుమారు మూడు వందల మంది ఉపాధ్యాయులు శిక్షణకు చేరారు. ఆమె ఇటాలియనులో చెబితే మారియో ఇంగ్లీషులోకి మార్చేవారు. 1940 జూనులో ఇటలీ యుద్ధంలో దిగగానే బ్రిటిష్ ప్రభుత్వం మారియోను శత్రుదేశస్థుడని అహమ్మదునగరు శిబిరంలో నిర్బంధించింది. ముసలితల్లి మళ్ళీ ఒంటరిదైంది. ఆగస్టు 31న, ఆమెకు డెబ్భై ఏళ్ళు నిండిన రోజున, వైస్రాయి ఆమెకు తంతి పంపి మారియోను విడుదల చేశారు. ఆ తంతిలో ఆయనను ఆమె కుమారుడుగానే పేర్కొన్నారు. నలభై రెండేళ్ళుగా లోకం ముందు పలకలేని మాట మన గడ్డ మీద, పుట్టినరోజు కానుకగా ఆమెకు దక్కింది.

నాలుగు వారాలు ఉందామని కాక కొన్ని నెలల పని మీద వచ్చిన ఆమెను యుద్ధం ఏళ్ళ తరబడి ఇక్కడే ఆపింది. కొడైకెనాలులో, అడయారులో గడిపిన ఆ ఏళ్ళలో ఆమె చూపు మూడేళ్ళ పిల్లల నుంచి ఇంకా వెనక్కు, అప్పుడే పుట్టిన బిడ్డ మీదకు మళ్ళింది. మన తల్లులు పసిబిడ్డను చంకన వేసుకుని సంతకు, పొలానికి, నీళ్ళకు తీసుకువెళ్ళడం ఆమె మెచ్చుకున్నారు. బిడ్డ తల్లి ఒంటి వెచ్చదనంలో ఉంటూ లోకమంతా చూస్తుంది, మాటలు వింటుంది. తెలుగింటి బిడ్డకు వ్యాకరణం ఎవరు నేర్పారు? రెండేళ్ళకే వచ్చాడు, వచ్చింది, వచ్చారు అనే తేడా తెలుస్తుంది. దూది నీటిని పీల్చుకున్నట్లు పసిమనసు చుట్టూ ఉన్నదాన్ని పీల్చుకుంటుందని, మూడేళ్ళ వరకు ఇది తనకు తెలియకుండానే జరుగుతుందని, ఆపైన చేతులతో చేస్తూ తెలిసి నేర్చుకుంటుందని ఆమె వివరించారు. అహమ్మదాబాదులో చేసిన ఈ ఉపన్యాసాలు 1949లో అడయారు నుంచే గ్రంథంగా వెలువడ్డాయి. మంచిని ఎలా పీల్చుకుంటుందో ఇంటిలోని కేకలను, తిట్లను కూడా బిడ్డ అలాగే పీల్చుకుంటుంది. తాగుడు, తగవులు ఉన్న ఇళ్ళవారు ఈ మాట రెండుసార్లు చదవాలి.

1947లో రోములో ఆమె శిష్యురాలు అడేలె కోస్టా ఞోక్కి మూడేళ్ళలోపు పసికందులను చూసుకునేవారికి శిక్షణాలయం ఆరంభించారు. ఇటలీలో అటువంటి శిశుగృహాన్ని 'నీదో', అంటే పక్షిగూడు, అంటారు. మాంటిస్సోరి పద్ధతి గూటిలో కటకటాల తొట్టికి బదులు నేల మీద పరుపు, పాకడానికి చోటు, పట్టుకుని నిలబడడానికి చేతికందే ఊత, తానే తాగడానికి చిన్న గ్లాసు ఉంటాయి. బిడ్డకు గుడ్డలు మార్చేటప్పుడు కూడా ఏం చేస్తున్నామో చెబుతూ, అనుమతి అడిగినంత మర్యాదగా చేస్తారు.

మాంటిస్సోరి 1949లో మన దేశం నుంచి చివరిసారిగా సెలవు తీసుకున్నారు. నోబెలు శాంతి బహుమానానికి మూడుసార్లు ఆమె పేరు ప్రతిపాదించారు, దక్కలేదు. 1952 మే 6న హాలెండులోని నోర్డ్‌వైక్ అనే సముద్రతీర గ్రామంలో, మారియో దగ్గర ఉండగా, ప్రభువునందు నిద్రించారు. అక్కడి కతోలిక శ్మశానంలో ఆమెను సమాధి చేశారు. మనుషులలో, లోకంలో శాంతిని నెలకొల్పడానికి పిల్లలు తనతో చేయి కలపాలన్న మనవిని ఆ సమాధి మీద చెక్కారు.

మన ఇళ్ళకు, మన బడులకు

మన విచారణలలో బాలవాడులు ఉన్నాయి. 1975 నుంచి ప్రభుత్వం నడుపుతున్న అంగన్‌వాడీలు పల్లెపల్లెనా ఉన్నాయి. ఖరీదైన సామాను లేకపోయినా ఈ తల్లి చూపిన మార్గంలో నడవవచ్చు. కందులు, పెసలు కలిపి ఇస్తే వేరుచేయడం, చెంబులోంచి గ్లాసులోకి నీళ్ళు వంపడం, చిన్న చీపురుతో ఊడవడం, చాపలు చుట్టడం, తులసి మొక్కకో బంతి మొక్కకో నీళ్ళు పోయడం, ఇవన్నీ రెండు మూడేళ్ళ బిడ్డకు చదువే. నీళ్ళు ఒలికితే గుడ్డ ఇచ్చి తుడుచుకోవడం చూపిద్దాము. చెప్పు తొడుక్కోవడానికి పది నిమిషాలు పడితే పది నిమిషాలు ఆగుదాము. ఎముకలు గట్టిపడని వేళ్ళకు బలపం ఇచ్చి, రాయలేదని కొట్టే చోటికి బిడ్డను పంపకుండా ఉందాము.

బడిలో చేర్చేముందు ఒక గంట అక్కడ కూర్చుని చూడనివ్వమని అడగండి. పిల్లల చేతులలో ఏదైనా పని ఉందా, వారికి అందే ఎత్తులో ఏమైనా ఉందా, ముక్కు కారే బిడ్డతో టీచరు ఎలా మాట్లాడుతుంది, ఇవి చూడండి. క్రీస్తునాథుడు శిష్యుల మధ్య ఒక చిన్నబిడ్డను నిలబెట్టి, పెద్దలను ఆ బిడ్డవలె కమ్మని కోరాడు. సాన్ లొరెంజో పేటలో ఒక స్త్రీ ఆ మాటను నమ్మి, కూలివాళ్ళ పిల్లల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఏళ్ళ తరబడి ఓపికగా గమనించింది. ఈ వారం ఒక్క సాయంత్రం మీ ఇంట్లోని పసిబిడ్డ పక్కన అలాగే నేల మీద కూర్చోండి. ఏమీ చెప్పకుండా, చేతిలోనిది లాక్కోకుండా, ఆ బిడ్డ ఏం చేస్తుందో చూడండి.